దుడ్డు నడిచే దారి: స్విఫ్ట్ కోడ్ గురించి మన నేత కుటుంబాలకు నాలుగు మాటలు

(సమాఖ్య వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



చేనేత సహకార సంఘం కార్యదర్శి లేచినాడు గదా, నూలు ధర గురించో రిబేటు బాకీల గురించో మాట్లాడతాడని మీరు అనుకొని ఉంటారు. ఆ మాటలు ప్రతి సభలోనూ మాట్లాడుతూనే ఉన్నాం, ఇంకా మాట్లాడతాం. ఈ పొద్దు మాత్రం వేరే సంగతి ఎత్తుకున్నాం. మేము ఎనిమిదో తరగతితో బడి మాని మగ్గం గుంటలోకి దిగినవాళ్ళం. బ్యాంకు ఉద్యోగులం కాము. అయినా ఈ సంగతి ఎందుకు చెప్పవలసి వచ్చిందంటే, ఇప్పుడు సంఘం ఆఫీసుకు నూలు కోసం వచ్చినట్టే, చేతిలో ఫోను పట్టుకొని, "కొడుకు దుబాయి నుండి దుడ్లు పంపుతానంటాడు, ఏదో స్విఫ్ట్ కోడ్ కావాలంట, అది యాడ ఉంటుంది?" అని అడిగేవాళ్ళు వస్తా ఉన్నారు. పాస్‌బుక్కు తిరగేసినా అది కనపడదు. చానా మంది దాన్ని ఏదో రహస్య నంబరు అనుకొని భయపడతారు. కొందరు భయం లేకుండా చెప్పకూడనివి కూడా చెప్పేస్తారు. రెండింటి వల్లా నష్టపోయేది మన ఇళ్ళే.

మన జిల్లా ముచ్చటతోనే మొదలుపెడతాం. కోలారు బంగారు గనుల్లో లండన్‌కు చెందిన జాన్ టేలర్ అండ్ సన్స్ కంపెనీ 1880లో పని మొదలుపెట్టింది. అదే 1880లో మన దేశంలో మనీ ఆర్డరు తపాలా శాఖ చేతికి వచ్చింది. చిత్తూరు వైపు నుండి, ఉత్తర ఆర్కాటు వైపు నుండి వేలమంది కూలికి గనుల్లోకి వచ్చినారు. ఇంటికి దుడ్లు పంపాలంటే వాళ్ళకున్న పెద్ద ఆధారం ఆ మనీ ఆర్డరు ఫారమే. పేరు, తండ్రి పేరు, ఊరు, పోస్టాఫీసు, తాలూకా సరిగ్గా రాస్తే పోస్టుమాన్ ఇంటికి తెచ్చి వేలిముద్ర వేయించుకొని ఇచ్చేవాడు. ఊరి పేరు ఉండి తాలూకా పేరు తప్పితే, అదే పేరున్న ఇంకో ఊరికి పోయి తిరిగి వచ్చేది. ముసలివాళ్ళకు ఇది బాగా గుర్తుంటుంది.

బంగారం లెక్క వేరు. మైసూరు గని, ఛాంపియన్ రీఫ్, ఊరిగాం, నందిదుర్గం గనుల్లో తీసిన బంగారం లెక్కలు లండన్‌లో తేలేవి. బంగారం ఎట్లా పోయింది, దాని దుడ్డు ఎట్లా వచ్చింది అనేది గుంతలోకి దిగిన కూలీకి తెలియదు, తెలియాలని ఎవరూ అనుకోలేదు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడినాయి. ఆ తరువాత కె.జి.ఎఫ్. పిల్లలు తెల్లవారక ముందే రైలెక్కి బెంగళూరు పోయి చీకటి పడినాక తిరిగి వచ్చే బతుకు మొదలైంది. వాళ్ళలో కొందరు ఇంకా దూరం పోయినారు, గల్ఫ్‌కు, సింగపూరుకు, ఆస్ట్రేలియాకు. మగ్గం మీద బతుకు సాగక మన నేత పిల్లలు కూడా అదే దారి పట్టినారు. ఇప్పుడు సముద్రం దాటి వచ్చేది మన పిల్లల చెమట దుడ్డు. దాని దారి మనకు తెలియకపోతే ఎట్లా?

వెనక కాలంలో దేశం దాటి దుడ్డు పంపాలంటే బ్యాంకులు టెలిగ్రాం ఇచ్చుకునేవి. తరువాత టెలెక్స్ వచ్చింది. ఒక బ్యాంకు ఇంకో బ్యాంకుకు, "ఫలానా మనిషికి ఇంత చెల్లించు, మా లెక్కలో కోసుకో" అని వాక్యం రాసి పంపేది. ఆ వాక్యం నిజంగా ఆ బ్యాంకే పంపిందా అని తేల్చుకోవడానికి ఒక గుప్త లెక్క వేసి సరిచూసుకునేవాళ్ళు. ఒక్కొక్క బ్యాంకు ఒక్కొక్క తీరులో రాసేది, చదివేవాడు పొరబడేవాడు. ఈ తకరారు పోగొట్టడానికి 1973లో 15 దేశాలకు చెందిన 239 బ్యాంకులు కలిసి బెల్జియం దేశంలో ఒక సహకార సంఘం పెట్టుకున్నాయి. దాని పేరే స్విఫ్ట్. అవును, అది కూడా మన మాదిరి సహకార సంఘమే, సభ్యులైన బ్యాంకులే దాని యజమానులు. 1977లో పని మొదలైంది. మన దేశం బ్యాంకులు 1991లో అందులో చేరినాయి. ఇప్పుడు 200కు పైగా దేశాల్లో 11,000కు పైగా సంస్థలు దాన్ని వాడుతున్నాయి.

ఇక్కడ ఒక మాట బాగా గుర్తుపెట్టుకోండి. స్విఫ్ట్ దుడ్డు మోసుకొని రాదు. అది చీటీ మాత్రమే మోస్తుంది. "ఈ ఖాతాకు ఇంత ఇవ్వండి" అనే చీటీ. ఆ చీటీ ఏ బ్యాంకు గడపకు చేరాలో చెప్పే చిరునామానే స్విఫ్ట్ కోడ్. దీనికే బి.ఐ.సి. అని ఇంకో పేరు. ఫారంలో బి.ఐ.సి. అని ఉన్నా, స్విఫ్ట్ అని ఉన్నా అడిగేది ఒకటే.

ఆ కోడ్ విప్పి చూస్తే బెదరవలసింది ఏమీ లేదు. నూలు బేలు మీద చీటీ ఉంటుంది గదా. మిల్లు పేరు, కౌంటు, లాటు నంబరు చూసి లోపల ఏముందో చెప్పేస్తాం. ఇదీ అంతే. కోడ్‌లో 8 అక్షరాలు ఉంటాయి, లేదంటే 11 ఉంటాయి. మొదటి నాలుగు బ్యాంకు పేరు. తరువాత రెండు దేశం, మనది అయితే ఐ.ఎన్. అని ఉంటుంది. తరువాత రెండు చోటు గుర్తు. ఆ పైన మూడు ఉంటే అవి శాఖవి. చివరి మూడు లేకపోయినా, మూడు ఎక్స్‌లు ఉన్నా ప్రధాన కార్యాలయం అని అర్థం. స్టేట్ బ్యాంకుది ఎస్‌బిఐఎన్–ఐఎన్–బిబి. కెనరా బ్యాంకుది సిఎన్ఆర్‌బి–ఐఎన్–బిబి. ముక్కలుగా విరిచి చదివితే ఇంటర్మీడియెట్ చదివే పిల్లకాయ కూడా చెప్పగలడు, ఇది ఏ బ్యాంకు, ఏ దేశం అని.

మనకు ఎక్కువ తికమక వచ్చేది ఐ.ఎఫ్.ఎస్. కోడ్‌తో. అది పాస్‌బుక్కు మొదటి పేజీలోనే ఉంటుంది. దానిలో కూడా 11 అక్షరాలే. అందుకే చానా మంది ఇదే స్విఫ్ట్ అనుకొని పంపేస్తారు. తేడా కనుక్కోవడం సులభం. ఐ.ఎఫ్.ఎస్. కోడ్‌లో మొదటి నాలుగు బ్యాంకు, ఐదోది ఎప్పుడూ సున్నా, ఓ అక్షరం కాదు, మిగిలిన ఆరు శాఖవి. అది మన దేశం లోపల తిరిగే కోడ్. ఒకే శాఖకు రెండూ ఉన్న ఉదాహరణ చెబుతాం. ఢిల్లీలో స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖ ఉంది. దాని ఐ.ఎఫ్.ఎస్. కోడ్ ఎస్‌బిఐఎన్0000691. స్విఫ్ట్ కోడ్ ఎస్‌బిఐఎన్–ఐఎన్–బిబి–104. ఇంటి ముందర ఒకటే తలుపు, లోపలి ఊరివాళ్ళకు ఒక గుర్తు, పై దేశం వాళ్ళకు ఇంకో గుర్తు. చెక్కు కింద ఉండే 9 అంకెల ఎం.ఐ.సి.ఆర్. మూడోది. దానికీ విదేశీ దుడ్డుకూ సంబంధం లేదు.

అయితే మన బంగారుపేట శాఖకో, ముళబాగిలు శాఖకో సొంతంగా స్విఫ్ట్ కోడ్ ఉండాలని లేదు. ప్రతి పల్లెకూ రైల్వే స్టేషను ఉండదు గదా, దగ్గరి స్టేషనులో దిగి బస్సెక్కి వస్తాం. అట్లాగే దుడ్డు చీటీ మొదట ఆ బ్యాంకు విదేశీ వ్యవహారాలు చూసే శాఖకు వస్తుంది. అక్కడ నుండి మన శాఖ ఐ.ఎఫ్.ఎస్. కోడ్, ఖాతా నంబరు చూసి లోపలికి పంపుతారు. కాబట్టి మనం పంపవలసింది మూడూ కలిపి: బ్యాంకు చెప్పిన స్విఫ్ట్ కోడ్, మన శాఖ ఐ.ఎఫ్.ఎస్. కోడ్, పూర్తి ఖాతా నంబరు. నాలుగోది పేరు. పాస్‌బుక్కులో ఎట్లా ఉందో అట్లాగే ఉండాలి. పాస్‌బుక్కులో ఇంటి పేరు పొడి అక్షరంగా ఉంటే, పిల్లవాడు అక్కడ పూర్తిగా రాసినాడనుకోండి, ఒక్కోసారి బ్యాంకువాళ్ళు ఆపి అడుగుతారు.

ఏ దేశం నుండి వస్తుంది అనేదాన్ని బట్టి ఫారాలు కూడా మారతాయి. గల్ఫ్‌లోనూ యూరపులోనూ ఐబాన్ అనే పొడుగాటి నంబరు వాడతారు. దుబాయి ఐబాన్‌లో 23 అక్షరాలు, సౌదీది 24. పిల్లలు అక్కడి అలవాటు ప్రకారం, "నాయనా, నీ ఐబాన్ చెప్పు" అంటారు. మన దేశానికి ఐబాన్ లేదు. ఆ గడిలో మన ఖాతా నంబరు రాయమనండి. గల్ఫ్‌లో ఎక్స్ఛేంజి దుకాణానికి పోయి పంపితే సాధారణంగా ఐ.ఎఫ్.ఎస్. కోడ్, ఖాతా నంబరు అడుగుతారు. బ్యాంకు నుండి పంపితే స్విఫ్ట్ అడుగుతారు. అందువల్ల, "మొన్న అడగలేదే, ఈ పొద్దు ఎందుకు అడుగుతున్నారు" అని గాబరా పడవద్దు.

ఇప్పుడు చాలా ఇళ్ళను ఏడిపించిన సంగతికి వస్తాం. బ్యాంకుల విలీనాలు. మనం మైసూరు బ్యాంకు అని పిలుచుకున్న స్టేట్ బ్యాంక్ ఆఫ్ మైసూరు 2017 ఏప్రిల్ 1న స్టేట్ బ్యాంకులో కలిసింది. విజయా బ్యాంకు 2019 ఏప్రిల్ 1న బ్యాంక్ ఆఫ్ బరోడాలో కలిసింది. 2020 ఏప్రిల్ 1న సిండికేట్ బ్యాంకు కెనరాలోనూ, కార్పొరేషన్ బ్యాంకు, ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులోనూ కలిసిపోయినాయి. బోర్డు మారిందని మనకు తెలుసు, కోడ్ మారిందని ఎంతమందికి తెలుసు? విజయా బ్యాంకు పాత ఐ.ఎఫ్.ఎస్. కోడ్‌లు 2021 మార్చి 1 నుండి చెల్లలేదు. సిండికేటు పాత కోడ్‌లు 2021 జూలై 1 నుండి చెల్లలేదు, వాళ్ళ స్విఫ్ట్ కోడ్ కూడా పోయింది. పాత పాస్‌బుక్కు ఫోటో మాత్రం పిల్లల ఫోన్లలో అట్లాగే ఉండిపోయింది.

మా సంఘంలో ఒక సభ్యుడి ఇంట్లో ఇదే జరిగింది. కొడుకు గల్ఫ్‌లో ఏ.సి. మెకానిక్కు. చెల్లెలి నర్సింగు కాలేజీ ఫీజుకని దుడ్లు పంపినాడు. పంపింది పాత కోడ్‌కు. అక్కడ ఖాతాలో కోసుకున్నారు, ఇక్కడ ఖాతాలో పడలేదు. ఇక్కడి శాఖలో అడిగితే, "మాకు రాలేదు, పంపినచోట అడగండి" అన్నారు. అక్కడ అడిగితే, "మేము పంపేశాము" అన్నారు. తండ్రి రోజూ మగ్గం దిగి బ్యాంకుకు పోవడం, వట్టి చేతులతో తిరిగి రావడం. ఫీజు గడువు దగ్గర పడి చివరకు ఆ ఇల్లాలు చెవుల కమ్మలు కుదువపెట్టింది. మూడు వారాలకు దుడ్డు పంపినవాడి ఖాతాకే తిరిగి పోయింది, మధ్యలో ఖర్చులు కోసుకొని. దుడ్డు పోలేదు, నిజమే. కాని ఆ మూడు వారాల వడ్డీ ఎవరు ఇస్తారు, తండ్రి పోగొట్టుకున్న పని దినాలు ఎవరు లెక్క కడతారు? పడుగు అచ్చులో ఎక్కించేటప్పుడు ఒక్క పోగు తప్పితే చీర పొడుగునా ఆ గీత కనిపిస్తుంది. నేసిన తరువాత దాన్ని దిద్దలేం. ఇదీ అట్లాంటిదే, మొదటే చూసుకోవాలి.

అట్లా దుడ్డు మధ్యలో నిలిచిపోతే ఏం చేయాలో కూడా చెబుతాం. వట్టి చేతులతో బ్యాంకుకు పోతే జవాబు రాదు. పంపినవాడు తన బ్యాంకులో ఆ స్విఫ్ట్ చీటీ నకలు అడిగి తీసుకోవాలి. బ్యాంకువాళ్ళు దాన్ని ఎం.టి. 103 అని పిలిచేవాళ్ళు, ఇప్పుడు కొత్త తీరు వచ్చినా చానా చోట్ల ఆ పేరుతోనే అర్థం చేసుకుంటారు. ప్రతి చీటీకి 36 అక్షరాల ఒక జాడ నంబరు ఉంటుంది, యు.ఇ.టి.ఆర్. అంటారు. రిజిస్టరు పోస్టు రసీదు నంబరు మాదిరి అన్నమాట. ఆ నంబరు ఇక్కడి బ్యాంకులో ఇస్తే చీటీ ఏ బ్యాంకు దగ్గర ఆగిందో చూడగలరు. "మా పిల్లవాడు పంపినాడంట" అని చెప్పడానికీ, ఆ నంబరు కాగితం మీద రాసి ఇవ్వడానికీ చానా తేడా ఉంది.

మధ్యలో కోత ఎందుకు పడుతుందో అది కూడా తెలుసుకోవాలి. అక్కడి బ్యాంకుకూ మన బ్యాంకుకూ నేరుగా లెక్క లేకపోతే, ఇద్దరికీ లెక్క ఉన్న మూడో బ్యాంకు మధ్యలో వస్తుంది. దాని కూలి అది తీసుకుంటుంది. ఫారంలో మూడు మాటల్లో ఒకటి ఎంచుకోమంటారు. ఓ.యు.ఆర్. అంటే ఖర్చంతా పంపినవాడిది. బి.ఇ.ఎన్. అంటే ఖర్చంతా అందుకునేవాడిది. ఎస్.హెచ్.ఎ. అంటే చెరి కొంత. కాలేజీ ఫీజు మాదిరి ఒక్క రూపాయి తగ్గినా కుదరని చోట పంపేవాడికి ఈ సంగతి ముందే చెప్పండి. దీనికి తోడు డాలరును, దిర్హాంను రూపాయిగా మార్చే ధర ప్రతి బ్యాంకుకూ ఒకటిగా ఉండదు. ఛార్జీ లేదు అని బోర్డు పెట్టి మార్పిడి ధరలో కోసేవాళ్ళూ ఉంటారు. రెండూ కలిపి చివరకు చేతికి ఎంత వస్తుందో చూడండి.

ఇళ్ళకు దుడ్డు పంపడానికి వెస్టర్న్ యూనియన్ వంటి దారి కూడా ఉంది. దానికి స్విఫ్ట్ కోడ్ అక్కర లేదు. కాని దానికి హద్దులు ఉన్నాయి. ఒక్కసారికి 2,500 డాలర్ల లోపు, ఒక మనిషికి ఏడాదికి 30 సార్లు, చేతికి నగదుగా 50,000 రూపాయల వరకు. అది కుటుంబ అవసరాలకు మాత్రమే. చీరలు అమ్మిన దుడ్డుగానీ, విరాళంగానీ ఆ దారిలో తీసుకోకూడదు. ఇంక కొందరు, "అక్కడ నా మనిషికి ఇవ్వండి, ఇక్కడ నేను ఇస్తాను, ఛార్జీ లేదు" అంటారు. అది హవాలా. నేరం. దుడ్డు ఎగ్గొట్టినా పోలీసు స్టేషనుకు పోలేం.

గల్ఫ్‌కు పోయిన పిల్లల ఖాతా గురించి ఒక మాట. విదేశంలో పని చేస్తూ ఉండేవాడు తన పాత సాధారణ సేవింగ్స్ ఖాతాను అట్లాగే నడపకూడదు. బ్యాంకుకు చెప్పి దాన్ని ఎన్.ఆర్.ఓ. గా మార్పించుకోవాలి, అక్కడి సంపాదన దాచుకోవడానికి ఎన్.ఆర్.ఇ. ఖాతా తెరుచుకోవాలి. తల్లిదండ్రుల ఖాతాకు ఇంటి ఖర్చుకని పంపితే తప్పు లేదు. కొడుకు తల్లిదండ్రులకు ఇచ్చే దుడ్డుకు వాళ్ళ మీద ఆదాయపు పన్ను పడదు. ఆ దుడ్డును డిపాజిట్టు చేస్తే వచ్చే వడ్డీ లెక్క మాత్రం వేరు.

ఇప్పుడు సంఘాల సంగతి. మన చీరలు, దుపట్టాలు పై దేశాలవాళ్ళు నేరుగా అడుగుతున్న కాలం ఇది. మధ్యవర్తి చేతిలో పడకుండా దుడ్డు సంఘం ఖాతాకే వస్తే నేసినవాడికి కూలి పెరుగుతుంది. కాని చానా సంఘాల ఖాతా సహకార బ్యాంకులో ఒక్కటే ఉంటుంది. ఆ బ్యాంకు అన్నిసార్లూ విదేశీ మారకం వ్యవహారం చేయలేదు, స్విఫ్ట్ కోడ్ ఉండదు. అందుచేత ఎగుమతి చేయాలనుకున్న సంఘం రిజర్వు బ్యాంకు అనుమతి ఉన్న బ్యాంకులో ఇంకో ఖాతా తెరవాలి. ఐ.ఇ.సి. అనే ఎగుమతి దిగుమతి నంబరు తీసుకోవాలి. దుడ్డు వచ్చినప్పుడు బ్యాంకు ఒక ప్రయోజన కోడ్ అడుగుతుంది, ఎందుకు వచ్చిందని. సరుకు అమ్మినందుకు వస్తే అది, ఇంటి ఖర్చుకు వస్తే ఇది అని వేరువేరుగా ఉంటాయి. చీరల దుడ్డును ఇంటి ఖర్చు అని రాయిస్తే రేపు లెక్కలు తనిఖీ చేసేటప్పుడు సంఘం తల వంచుకోవాలి. వచ్చిన ప్రతిదానికి బ్యాంకు నుండి రాక చీటీ అడిగి ఫైలులో పెట్టాలి.

ఈ సభలో ముఖ్యంగా చెప్పవలసింది విరాళాల సంగతి. అమెరికాలో, ఆస్ట్రేలియాలో స్థిరపడిన మన కులస్తులు, "పిల్లల చదువుకు, వృద్ధులైన నేతగాళ్ళకు సాయం చేస్తాం, మీ స్విఫ్ట్ కోడ్ పంపండి" అని మంచి మనసుతో అడుగుతారు. వెంటనే సంఘం ఖాతా నంబరు పంపేయకండి. ఇండియా పాస్‌పోర్టు ఉన్నవాడు తన సొంత సంపాదనలో నుండి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాడు పంపితే, మన రక్తమే అయినా, ఓ.సి.ఐ. కార్డు ఉన్నా, చట్టం దృష్టిలో అది విదేశీ విరాళమే. అట్లాంటిది తీసుకోవాలంటే 2010 నాటి ఎఫ్.సి.ఆర్.ఎ. చట్టం కింద కేంద్ర హోం శాఖ దగ్గర రిజిస్ట్రేషనో ముందస్తు అనుమతో ఉండాలి. 2020లో చట్టం సవరించిన తరువాత ఆ దుడ్డు మొదట దిగవలసింది ఢిల్లీలోని ఒకే ఒక శాఖలో. ఇందాక చెప్పిన స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖ, 104 తో ముగిసే స్విఫ్ట్ కోడ్ ఉన్నది, అదే. కాబట్టి పంపేవాళ్ళను మొదట అడగండి, "అన్నా, మీది ఏ పాస్‌పోర్టు?" అని. అడగడానికి మొగమాటపడితే తరువాత సంఘం మొత్తం జవాబు చెప్పుకోవాలి.

చివరగా మోసాల గురించి. స్విఫ్ట్ కోడ్, ఐ.ఎఫ్.ఎస్. కోడ్ రహస్యాలు కావు. బ్యాంకులే వాటిని బయట పెడతాయి. ఇవీ, ఖాతా నంబరూ తెలిసినంత మాత్రాన ఎవరూ మన దుడ్డు తీసుకోలేరు, మనకు పంపగలరు అంతే. తీసుకునేవాటి పేర్లు వేరు: ఓ.టి.పి., పిన్, కార్డు వెనక ఉండే మూడు అంకెలు. దుడ్డు అందుకోవడానికి వీటిలో ఏదీ అక్కర లేదు. "మీకు లండన్ నుండి పార్శిలు వచ్చింది, పన్ను కడితే వదులుతాం" అని ఒకరు, "విదేశీ ఆర్డరు అడ్వాన్సు వేస్తాం, ఈ బొమ్మ స్కాన్ చేసి పిన్ కొట్టండి" అని ఇంకొకరు ఫోన్లు చేస్తా ఉంటారు. స్కాన్ చేసి పిన్ కొడితే మన దుడ్డు బయటికి పోతుంది, లోపలికి ఏమీ రాదు. అట్లా మోసపోతే ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు ఫోన్ చేయండి. ఎంత తొందరగా చేస్తే ఆపడానికి అంత అవకాశం.

బ్యాంకులు కూడా ఏమరపాటుగా ఉంటే మోసపోతాయి. 2016 ఫిబ్రవరిలో దొంగలు బంగ్లాదేశ్ కేంద్ర బ్యాంకు కంప్యూటర్లలో చొరబడి ఆ బ్యాంకు రాసినట్టే దొంగ స్విఫ్ట్ చీటీలు పంపినారు. 8 కోట్ల 10 లక్షల డాలర్లు ఫిలిప్పీన్స్‌కు పోయినాయి. శ్రీలంకకు పోవలసిన 2 కోట్ల డాలర్లు మాత్రం ఆగిపోయినాయి. ఎందుకంటే, ఫౌండేషన్ అని రాయవలసిన చోట దొంగ స్పెల్లింగు తప్పు రాసినాడు. మధ్య బ్యాంకులో ఎవరో అది చూసి అనుమానపడి అడిగినారు. అంత పెద్ద దొంగతనంలో ఒక భాగాన్ని ఆపింది ఒక మనిషి అక్షరం అక్షరం చదవడమే. ఆ పని మనమూ చేయగలం.

దుడ్డు తీసుకునేవాడి ఖాతా నంబరు తప్పితే ఎంత ప్రమాదమో కూడా వినండి. మన దేశం లోపల ఎన్.ఇ.ఎఫ్.టి., ఆర్.టి.జి.ఎస్. దారిలో దుడ్డు ఖాతా నంబరు చూసే జమ చేస్తారు, పేరు సరిపోయిందా అని చూడవలసిన పని లేదు. ఒక అంకె తారుమారై ఆ నంబరు ఇంకొకరిది అయితే వాళ్ళకే పోతుంది. ఇందుకే రిజర్వు బ్యాంకు, 2025 ఏప్రిల్ 1 నాటికి పంపేవాడికి ముందుగా ఖాతాదారు పేరు చూపించే ఏర్పాటు చేయమని బ్యాంకులకు చెప్పింది. ఇక్కడ పంపేటప్పుడు ఆ పేరు చూసి పంపండి.

మేము ఈ సభ ముందు పెడుతున్న ప్రార్థన ఒక్కటే. ప్రతి సంఘం ఆఫీసులో ఒక పూట కేటాయించి, సభ్యుల కొత్త పాస్‌బుక్కులు ఎదురుగా పెట్టుకొని, ఇంటింటికీ ఒక చీటీ రాసి ఇవ్వాలి. అందులో ఖాతాదారు పేరు పాస్‌బుక్కులో ఉన్నట్టే, ఖాతా నంబరు, శాఖ పేరు, ఇప్పటి ఐ.ఎఫ్.ఎస్. కోడ్, బ్యాంకు మేనేజరు స్వయంగా చెప్పిన స్విఫ్ట్ కోడ్ ఉండాలి. ఎవరో ఫోనులో చెప్పింది, గూగుల్‌లో మొదట కనపడింది రాయవద్దు. ఇంగ్లీషు పెద్ద అక్షరాలలో రాసి, సున్నాకూ ఓ కూ, ఒకటికీ ఐ కీ తేడా తెలిసేట్టు రాయాలి. రాసినదాన్ని ఇంట్లో చదువుకున్న ఆడబిడ్డ చేత ఒకసారి గట్టిగా చదివించాలి. ఆ చీటీ ఫోటో పిల్లలకు పంపి, పాత ఫోటోలు తీసేయమని చెప్పాలి. మొదటిసారి పంపేటప్పుడు చిన్న మొత్తం పంపి, చేరిన తరువాతే పెద్దది పంపమనాలి. మా సంఘంలో ఈ పని మొదలుపెట్టినాం. ఆఫీసులో రాసే మనిషి లేని సంఘాలు మాకు చెప్పండి, మా పిల్లలు ఇద్దరు వచ్చి రాసి ఇస్తారు.

వాళ్ళు ఎడారి ఎండలో నిలబడి సంపాదించింది, మనం గుంటలో కూర్చొని నేసినది, రెండూ కష్టార్జితమే. అది మన గడపకు చేరేదాకా ఎవరి మీదో వదిలేయకుండా మనమే చూసుకుందాం.  భోజనాల తరువాత మేము ఆఫీసు టేబుల్ దగ్గరే ఉంటాం, పాస్‌బుక్కు తెచ్చినవాళ్ళు రండి, ఈ పొద్దే చీటీ రాసేద్దాం.